నెల తప్పకముందే మొదలు కావాలి



ఈ వారం మరో విషయం రాద్దామనుకుని కాగితాలు సిద్ధం చేసుకున్నాను. ఇంతలో జగిత్యాల జిల్లా మేడిపల్లి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అది చదివాక ఆ కాగితాలన్నీ పక్కన పెట్టేశాను. పేరు వేయొద్దని ఆ చెల్లెలు కోరింది కాబట్టి పేరు లేకుండా, ఉత్తరం మాత్రం ఆమె రాసినట్టుగానే ఇస్తున్నాను.

“అక్కా, నమస్తే. మీ పేజీ మా ఆడపడుచు చదివి నాకిస్తది. నాకు ఇరవై నాలుగేండ్లు. పెండ్లయి మూడేండ్లయింది. మా ఆయన దుబాయిల ఉంటడు. ఏడాదిన్నర కింద నాకు బాబు పుట్టిండు. మొఖం చందమామ లెక్క ఉండె. కానీ నడుము మీద తోలు మూసుకోక ఎర్రగ బుగ్గ లెక్క ఉండె. పెద్ద దవాఖానకు తీసుకపోయినం. తొమ్మిదో రోజు పోయిండు. నాకు ఐదో నెల ఉన్నప్పుడు గ్రహణం పట్టింది. ఆ పూట ఆకలైతే ఉల్లిగడ్డ కోసి కూర చేసుకున్న. అందుకే గిట్లయిందని మా అత్తమ్మ అంటది. నేను ఎదురు చెప్పలేదు. ఎందుకంటె నాక్కూడా అట్లనే అనిపిస్తది. దసరాకు ఆయన రెండు నెలల సెలవు మీద వస్తుండు. ఇంకో మూడు నెలలుంది. ఇంట్ల అందరు సంబరపడుతున్రు. నాకు మాత్రం రాత్రిళ్ళు నిద్ర పడతలేదు. మళ్ళ అట్లనే అయితదా అక్కా? నేనేం తప్పు జేసిన?”

చెల్లీ! ముందు నీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. నువ్వు ఏ తప్పూ చేయలేదు. ఇది నిన్ను ఓదార్చడానికి అంటున్న మాట కాదు. లెక్క చూసి చెబుతున్న మాట. నీ బాబు వెన్ను మూసుకోవాల్సిన సమయం గ్రహణం నాటికి దాటిపోయి మూడు నెలలకు పైనే అయింది. కడుపులో పడ్డ 28 రోజుల లోపలే ఆ పని ముగిసిపోతుంది. ఐదో నెలలో నువ్వు ఉల్లిగడ్డ కోసినా, కోయకపోయినా, రోజంతా తలుపులు వేసుకుని పడుకున్నా అందులో మార్పేమీ ఉండేది కాదు.

ఇక “మళ్ళీ అలాగే అవుతుందా?” అన్న ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే బిడ్డ కడుపులో ఎలా తయారవుతుందో కాస్త చెప్పుకోవాలి. మిగతా సోదరీమణులు కూడా ఓపిగ్గా చదవండి. పెళ్ళి కావాల్సిన కూతురో, కొత్త కోడలో ఉన్న ప్రతి ఇంటికీ పనికొచ్చే సంగతి ఇది.

ఒకటే పడుగు, వేల రకాల నేత

మేడిపల్లికి సిరిసిల్ల దూరమేమీ కాదు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. 2017 నుంచి కొన్నేళ్ళపాటు బతుకమ్మ చీరెలు నేసిన ఊరది. నేత తెలిసిన ఇళ్ళవాళ్ళకు జకార్డు సంగతి చెప్పక్కర్లేదు. మగ్గం పైన చిల్లులు పొడిచిన అట్టల దండ వేలాడుతూ ఉంటుంది. అట్టకు చిల్లు ఉన్నచోట పోగు పైకి లేస్తుంది. చిల్లు లేనిచోట లేవదు. పడుగు అదే, పోగులూ అవే. కానీ ఏ పోగు ఎప్పుడు లేచింది అన్నదాన్ని బట్టి ఒక చీరె మీద మామిడి పిందె వస్తుంది, ఇంకో చీరె మీద నెమలి వస్తుంది.

మన శరీరం కూడా దాదాపు ఇలాగే తయారవుతుంది. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చి కలిసిన ఒకే ఒక కణంతో బిడ్డ మొదలవుతుంది. ఆ కణంలో సుమారు 20,000 జన్యువులుంటాయి. జీన్స్ అంటారే, అవే. ఒక్కో జన్యువు ఒక్కో రకం మాంసకృత్తును తయారు చేసే విధానం రాసిపెట్టిన చీటీ లాంటిది. కణం రెండవుతుంది, నాలుగవుతుంది, లక్షలవుతుంది. ప్రతి కణంలోనూ ఆ చీటీలన్నీ ఉంటాయి. కంటి కణంలోనూ అవే, కాలేయంలోనూ అవే, కాలి గోరు పుట్టే చోటా అవే.

మరి కన్ను కన్నుగా, కాలేయం కాలేయంగా ఎందుకు తయారవుతున్నాయి? ఎందుకంటే ఒక్కో కణం తనకు కావాల్సిన చీటీలనే చదువుతుంది. మిగతావాటిని మూసిపెట్టేస్తుంది. ఏ జన్యువు పనిచేయాలి, ఏది ఊరుకోవాలి, ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు అన్న ఈ ఏర్పాటే బిడ్డ తయారీలో అసలు రహస్యం. పోగులు ఎన్ని ఉన్నా అట్టల వరస తప్పితే నేత చెడుతుంది కదా! ఇక్కడా అంతే.

అట్టలకు చిల్లులు పొడిచేదెవరు?

తొలి రెండు మూడు రోజులు బిడ్డ సొంత జన్యువులు దాదాపు మౌనంగానే ఉంటాయి. తల్లి అండంలో ముందే దాచిపెట్టిన సరుకుతోనే పని నడుస్తుంది. కొత్త కాపురం పెట్టిన పిల్ల మొదట్లో పుట్టింటివాళ్ళు కట్టి ఇచ్చిన బియ్యం, పచ్చళ్ళతో సర్దుకున్నట్టన్నమాట! మూడో రోజుకు, కణాలు నాలుగు నుంచి ఎనిమిది అయ్యేసరికి, బిడ్డ సొంత జన్యువులు మేలుకుని పని అందుకుంటాయి.

అక్కడి నుంచి కణాలు ఒకదానితో ఒకటి కబురు పంపుకుంటాయి. ఒక కణం ఒక రసాయనాన్ని వదులుతుంది. పక్క కణాలకు అది ఎక్కువగా అందుతుంది, దూరంగా ఉన్నవాటికి తక్కువగా అందుతుంది. ఎక్కువ అందిన కణంలో కొన్ని జన్యువులు తెరుచుకుంటాయి, తక్కువ అందిన కణంలో వేరేవి తెరుచుకుంటాయి. “నేనెక్కడున్నాను? తల వైపా, నడుము వైపా? పొట్ట వైపా, వీపు వైపా?” అన్నది కణానికి ఇలాగే తెలుస్తుంది.

ఇదంతా మొదట తెలిసింది మనుషుల్లో కాదు. మన వంటింట్లో మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే చిన్న ఈగల్లో! జర్మనీకి చెందిన క్రిస్టియానె న్యూస్‌లైన్-ఫోల్‌హార్ట్ అనే శాస్త్రవేత్త, తన సహచరుడు ఎరిక్ వీషాస్‌తో కలిసి ఈ ఈగల పిల్లలను వేలకు వేలు పరీక్షించింది. ఏ జన్యువు చెడితే శరీరంలో ఏ భాగం తప్పుతుందో 1980లో వెల్లడించారు. ఒక జన్యువు చెడితే ఈగ పిల్ల ఒంటినిండా ముళ్ళలాంటివి దట్టంగా వచ్చాయి. అందుకని దానికి హెడ్జ్‌హాగ్ అనే ముళ్ళ జంతువు పేరు పెట్టారు. తరువాత చూస్తే దాని బంధువే మనిషిలోనూ ఉంది! మన వెన్నుకు ఏది ముందు, ఏది వెనుక అని చెప్పే కబుర్లలో అది ముఖ్యమైనది. 1995లో వీరిద్దరికీ, ఇదే దారిలో అంతకుముందే పనిచేసిన ఎడ్వర్డ్ లూయిస్‌కీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆమె గురించి మరో మాట. పిల్లల తల్లులైన యువ శాస్త్రవేత్తలు ఇంటిపని వల్ల చదువు వదులుకోకూడదని, ఇంటి పనికీ పిల్లల్ని చూసుకోవడానికీ మనిషిని పెట్టుకునేందుకు సాయం చేసే సంస్థను 2004లో నెలకొల్పింది. 2006లో ఒక వంటల పుస్తకం కూడా వేసింది! నోబెల్ వచ్చినావిడకు కూడా వంటిల్లంటే చిన్నచూపు లేదని మన పాఠకులకు చెప్పాలనిపించింది.

ఆ 28 రోజులు

ఇప్పుడు చెల్లెలి బాబు దగ్గరికి వద్దాం. గర్భం పడిన మూడో వారంలో బిడ్డ అటుకు గింజ కన్నా చిన్నగా, రేకులా పల్చగా ఉంటుంది. దాని వీపు మీద మధ్యలో కణాలు మందంగా పెరుగుతాయి. “మీరు మెదడు, వెన్నుపాము కావాలి” అని వాటికి కబురు అందుతుంది. ఆ కణాల్లో అందుకు కావాల్సిన జన్యువులు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి.

మనం పూరీని రెండు అంచులూ పట్టుకుని మడిచి కజ్జికాయ చేస్తాం చూడండి, అలాగే ఆ రేకు రెండు అంచులూ లేచి, దగ్గరికి వచ్చి, అంటుకుని గొట్టంలా అవుతాయి. దీన్ని నాడీ గొట్టం అంటారు. మూసుకోవడం 22వ రోజు ప్రాంతంలో మొదలవుతుంది. తల వైపు కొస 25వ రోజుకు, నడుము వైపు కొస 28వ రోజుకు మూసుకుంటాయి. తల వైపు మూసుకోకపోతే మెదడు ఏర్పడదు. ఆ బిడ్డ బతకదు. వీపు వైపు మూసుకోకపోతే స్పైనా బైఫిడా అంటారు. కొందరిలో అది చిన్నగా ఉంటుంది. కొందరిలో కాళ్ళు పడిపోతాయి, తలలో నీరు చేరుతుంది. మన దేశంలో జరిగిన పరిశీలనలను కలిపి చూస్తే వెయ్యి కాన్పులకు సుమారు నాలుగింటిలో ఈ లోపాలు కనిపిస్తున్నాయి.

ఇప్పుడు క్యాలెండరు చూడండి. గర్భం పడిన దాదాపు 14 రోజులకు నెలసరి రావాలి. రాలేదు. “రెండు రోజులు అటూఇటూ అవుతుందిలే” అనుకుంటాం. మరో వారం చూస్తాం. పరీక్ష చేయించుకుని, అత్తగారికి చెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి ఎంత లేదన్నా నెల దాటుతుంది. అప్పటికి నాడీ గొట్టం మూసుకోవడం అయిపోయింది! మూసుకోకపోతే అదీ అయిపోయింది. ముందుకు జరిగిపోయిన నేతను వెనక్కి తెచ్చి మళ్ళీ నేయలేం.

గ్రహణం మొర్రి సంగతీ అంతే. పై పెదవి ఏడో వారం లోపే కలిసిపోతుంది. నిండు నెలల్లో గ్రహణం చూసినందుకు అది చీలదు. గ్రహణం నాడు విశ్రాంతిగా ఉండటం పెద్దల ఆచారమైతే ఉండండి, ఎవరూ కాదనరు. కానీ బిడ్డకు లోపం వస్తే ఆ ఆచారాన్ని అడ్డం పెట్టుకుని తల్లిని బోనులో నిలబెట్టకండి.

ఆకుకూరలో దాగిన మందు

ఆ రోజుల్లో బిడ్డ కణాలు ఊపిరి సలపకుండా రెట్టింపవుతుంటాయి. ప్రతి కొత్త కణానికీ జన్యువుల నకలు ఒకటి కావాలి. ఆ నకలు రాయడానికి ఫోలేట్ అనే విటమిన్ కావాలి. బి విటమిన్లలో ఒకటది. దాని పని అక్కడితో ఆగదు. పని లేని జన్యువులను మూసి ఉంచడానికి కణం వాటి మీద మిథైల్ అనే చిన్న ముద్ర వేస్తుంది. ఆ ముద్రలకు కావాల్సిన సరుకు అందించే పనిలోనూ ఫోలేట్ ఉంది. అంటే నూలు అందించేదీ అదే, అట్టలు సరిచేయడంలో చేయి వేసేదీ అదే!

తల్లి తిండి ఈ ముద్రలను ఎలా మారుస్తుందో 2003లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాటర్‌ల్యాండ్, జర్టిల్ అనే ఇద్దరు ఎలుకల్లో చూపించారు. ఒకే రకం జన్యువులున్న ఎలుకలు. కొన్ని తల్లులకు మామూలు తిండి, కొన్నింటికి ఫోలిక్ యాసిడ్, బి12 లాంటివి కలిపిన తిండి పెట్టారు. రెండో రకం తల్లులకు గోధుమ రంగు పిల్లలు ఎక్కువగా పుట్టాయి. మామూలు తిండి తిన్న తల్లులకు పసుపు రంగు పిల్లలు ఎక్కువ. జన్యువు మారలేదు, దాని మీది ముద్ర మారింది. ఎలుకకు జరిగినదంతా మనిషికీ జరుగుతుందని కాదు. కానీ తల్లి కంచంలోని తిండి కడుపులోని బిడ్డ జన్యువుల దాకా వెళుతుందని అది కళ్ళకు కట్టింది.

ఫోలిక్ యాసిడ్ కథలో మన తెలుగువాడొకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. పదమూడేళ్ళ వయసులో కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిస్తానని ఇంట్లోంచి పారిపోతే తల్లి వెనక్కి రప్పించి బడికి పంపింది. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మదరాసులో వైద్యం చదువుతుండగా సోదరులను స్ప్రూ అనే జబ్బు పొట్టన పెట్టుకుంది. పేగులు తిన్నది ఒంటపట్టనీయని జబ్బు అది. మామగారి సాయంతో అమెరికా వెళ్ళారు. భార్య ఇక్కడే ఉండిపోయింది. వాళ్ళిద్దరూ మళ్ళీ కలుసుకోనే లేదు. భర్త పరదేశంలో ఉంటే ఇంటి దగ్గర ఇల్లాలు రోజులు ఎలా లెక్కపెట్టుకుంటుందో మేడిపల్లి, కోరుట్ల వైపు వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

సుబ్బారావు పరిశోధనకు ముందు నడిచినవాళ్ళూ ఉన్నారు. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయిలో గర్భిణులైన మిల్లు కార్మిక స్త్రీల రక్తహీనతకు కారణం వెతుకుతూ, ఈస్ట్ నుంచి తీసిన ముద్దతో అది తగ్గుతుందని 1931లో ప్రకటించింది. అందులో ఉన్నదేమిటో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థాన్ని వేరు చేశారు. లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు. అందుకే దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు. లెడర్లే కంపెనీలో సుబ్బారావు నాయకత్వంలోని బృందం 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. అంతవరకు టన్నుల కొద్దీ ఆకులో దాక్కున్నది పైసల్లో దొరికే గోళీ అయింది. తన సోదరులను తీసుకుపోయిన స్ప్రూకు కూడా అది మందయింది. 1948లో, 53 ఏళ్ళకే ఆయన కన్నుమూశారు. అదే గోళీ కడుపులోని బిడ్డల వెన్నును కాపాడుతుందని తెలియడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

1991లో తేలిన నిజం

చెల్లీ, ఇది ప్రత్యేకంగా నీ కోసం. బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఏడు దేశాల్లోని 33 కేంద్రాల్లో ఒక పరీక్ష జరిపించింది. అందులో చేరినవాళ్ళంతా నీలాంటి తల్లులే. అంతకుముందు ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టి, మళ్ళీ గర్భం కోసం చూస్తున్నవాళ్ళు. సగం మందికి గర్భం పడక ముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. మిగతా సగానికి అది ఇవ్వలేదు. 1991లో లెక్క చూస్తే లోపంతో ఉన్న గర్భాలు మొత్తం 27. అందులో ఫోలిక్ యాసిడ్ తీసుకున్నవాళ్ళవి 6, తీసుకోనివాళ్ళవి 21. అంటే నూటికి 72 వంతులు తగ్గింది! ఇంత స్పష్టంగా మేలు కనబడుతుంటే కొందరికి ఇవ్వకుండా ఉండటం న్యాయం కాదని పరీక్షను గడువుకు ముందే ఆపేశారు.

మరుసటి ఏడాది, 1992లో, హంగేరీలో మొదటిసారి ఇలాంటి ఇబ్బంది లేని మామూలు తల్లుల్లోనూ చూశారు. ఫోలిక్ యాసిడ్ ఉన్న విటమిన్లు తీసుకున్న రెండు వేల మందికి పైగా తల్లుల్లో ఒక్క బిడ్డకూ ఈ లోపం రాలేదు. తీసుకోని రెండు వేల మందిలో ఆరుగురికి వచ్చింది.

ఒకసారి ఇలా జరిగిన తల్లికి మళ్ళీ జరిగే అవకాశం నూటికి రెండు నుంచి ఐదు దాకా ఉంటుంది. అంటే ఏ మందూ లేకపోయినా నూటికి తొంభై ఐదుగురికి బిడ్డ వెన్ను సరిగ్గానే ఉంటుంది. గోళీ వేసుకుంటే ఆ కొద్ది ప్రమాదం కూడా బాగా తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పను. కొన్ని లోపాలకు కారణం జన్యువుల్లోనే ఉంటుంది. గోళీ వేసుకున్నా జరిగితే అదీ నీ తప్పు కాదు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది

ఒకటి. ఆయన వచ్చేదాకా ఆగకు. ఒంట్లో ఫోలేట్ నిండడానికి వారాలు పడుతుంది. నీకు మూడు నెలల వ్యవధి ఉండటం అదృష్టమనుకో. ఈ వారమే స్త్రీల డాక్టరును కలువు. మొదటి కాన్పు కాగితాలు వెంట తీసుకెళ్ళు. “నా బిడ్డకు వెన్ను మూసుకోలేదు, మళ్ళీ గర్భం కోసం చూస్తున్నాం” అని నోరు తెరిచి చెప్పు. నీకు పెద్ద మోతాదు కావాలి. పరీక్షలో ఇచ్చింది 4 మిల్లీగ్రాములు. మన దుకాణాల్లో 5 మిల్లీగ్రాముల గోళీ దొరుకుతుంది. డాక్టరు రాసిస్తేనే వాడు. ఎందుకంటే ఒంట్లో బి12 తక్కువగా ఉంటే ముందు అది చూడాలి.

రెండు. గర్భం పడ్డాక మూడో నెల నిండేదాకా గోళీ మానకు. వాంతులవుతున్నాయని ఆపేయకు. రాత్రి పడుకునేముందు వేసుకుని చూడు.

మూడు. షుగరు ఉంటే ముందే అదుపులో పెట్టుకోవాలి. మూర్ఛకు మందులు వాడుతుంటే డాక్టరుకు చెప్పాలి. కొన్ని మూర్ఛ మందులు ఈ లోపానికి దారితీస్తాయి. అలాగని నీ అంతట నువ్వు ఆపకూడదు, మార్పించుకోవాలి. కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్ ఫోలేట్‌ను అడ్డుకునే మందు. అది వాడుతూ గర్భం దాల్చకూడదు.

నాలుగు. గర్భం నిలిచాక 11 నుంచి 14 వారాల మధ్య ఒక స్కాన్, 18 నుంచి 20 వారాల మధ్య టిఫా స్కాన్ తప్పక చేయించుకో. వెన్ను ఎలా ఉందో అందులో కనిపిస్తుంది.

మిగతా సోదరీమణులకు: మొదటిసారి తల్లి కాబోయేవాళ్ళకు రోజుకు 400 మైక్రోగ్రాముల చిన్న గోళీ చాలు. గర్భం కోసం చూస్తున్న రోజు నుంచే, కనీసం నెల ముందు నుంచి వేసుకోవాలి. 2018లో వచ్చిన రక్తహీనత ముక్త భారత్ మార్గదర్శకాలు కూడా ఈ మాటే చెబుతున్నాయి. నాలుగో నెల నుంచి ఇచ్చే ఐరన్ గోళీలోనూ 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. అది రక్తానికి ఎంతో మంచిది, తప్పక వేసుకోండి. కానీ నాలుగో నెలలో వేసుకున్న గోళీ 28వ రోజున మూసుకోవాల్సిన వెన్నును మూయలేదు. అందుకే పెళ్ళికి పసుపు కొట్టే రోజుల్లోనే ఆశా కార్యకర్తనో, నర్సమ్మనో అడగండి. గల్ఫ్ నుంచి వచ్చే భర్తల విషయంలో ఇంకా సులువు. టికెట్టు కొన్నామని ఫోను వచ్చిన రోజే మీ గోళీ మొదలు కావాలి!

వంటింటి వైపు

గోళీ ఉంది కదా అని ఆకుకూర మానొద్దు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలకూరలో సుమారు 140 మైక్రోగ్రాములు, పెసర్లలో సుమారు 145, శనగల్లోనూ బబ్బెర్లలోనూ 230 దాకా ఫోలేట్ ఉంటుంది. అయితే ఇది నీళ్ళలో కరిగిపోయే విటమిన్. వేడికీ నిలవదు. వండేటప్పుడు సగం దాకా పోవచ్చు. కూరతోనే 400 మైక్రోగ్రాములు రావాలంటే రోజూ అరకిలో పైన పాలకూర తినాలి! అందుకే గోళీ గోళీయే, కూర కూరే.

పోయేది తగ్గించుకునే చిట్కాలు ఇవి:

ఆకుకూరను కోసి కడగొద్దు, కడిగి కోయండి. పొయ్యి మీద పెట్టేముందే కోయండి.

పప్పు మెత్తగా ఉడికాకే పాలకూర గాని, తోటకూర గాని, మెంతికూర గాని వేసి, మూత పెట్టి, ఐదు నిమిషాల్లో దించండి. నీళ్ళన్నీ పప్పులోనే ఉంటాయి కాబట్టి పారబోసేదేమీ ఉండదు. దించాక నిమ్మకాయ పిండండి.

బబ్బెర్ల గుడాలు చేసేటప్పుడు రాత్రి నానబెట్టి, మునిగేటన్ని నీళ్ళు మాత్రమే పోసి కుక్కర్లో ఉడికించండి. మిగిలిన నీటిని చారులో కలిపేయండి. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, ఎల్లిపాయతో పోపు పెట్టుకుంటే సాయంత్రం ఇంటిల్లిపాదికీ సరిపోతాయి.

పెసర్లు మొలకెత్తించి, కొంచెం ఉప్పు, నిమ్మరసంతో తినండి. పచ్చివి పడనివాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు ఒక్క ఆవిరి పట్టించి తినండి.

కూరను పూటపూటకూ వేడి చేయొద్దు.

చివరగా ఆ అత్తమ్మగారికి నాలుగు మాటలు. అమ్మా! మీరూ మనవడిని పోగొట్టుకున్నారు. దుఃఖంలో మనిషి ఏదో ఒక కారణం వెతుక్కుంటుంది. మీకు గ్రహణం కనిపించింది. మీ తరంలో ఈ 28 రోజుల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి మిమ్మల్నీ తప్పు పట్టను. కానీ ఇప్పుడు తెలిసింది. కోడలు ఆ మాట విని ఏడాదిన్నరగా లోలోపల కుమిలిపోతోంది. ఈసారి ఆమెను డాక్టరు దగ్గరికి మీరే వెంటబెట్టుకుని వెళ్ళండి. రాత్రి మంచినీళ్ళతో పాటు ఆ గోళీ మీ చేత్తో ఇవ్వండి. “గోళీ వేసుకున్నావా బిడ్డా?” అని మీరు అడిగితే చాలు, ఆ పిల్లకు నిద్ర పడుతుంది.

చెల్లీ, దసరాకు ఆయన వచ్చాక ఈ పేజీ ఆయనకూ చదివి వినిపించు. బతుకమ్మ పేర్చుకుని, సద్దుల నాడు కడుపునిండా తిను. శుభవార్త ఉంటే నాకు ఉత్తరం రాయడం మరచిపోకు. ఎదురు చూస్తుంటాను.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.

మీ అక్క